పాత వాచీకి కొత్త మొహం

ఒకే కాలంలో తయారైన రెండు హెచ్‌ఎంటీ జనతా వాచీలు మీ ముందు పెట్టారనుకోండి. మొదటిదాని డయల్ ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, ఇప్పుడు పాలమీగడ రంగుకు తిరిగింది. అంచు దగ్గర ఆవగింజంత మచ్చలు రెండో మూడో ఉన్నాయి. రెండోదాని డయల్ నెమలికంఠం రంగులో తళతళలాడుతోంది. గీత లేదు, మచ్చ లేదు. అంకెలు నిన్న సాయంత్రమే రాసినట్టున్నాయి. రెండూ చక్కగా నడుస్తున్నాయి. ధరా ఒకటే. ఏది తీసుకుంటారు?

చాలామంది చెయ్యి రెండోదాని మీదికే వెళ్తుంది. పాత వాచీలు సేకరించేవాళ్లు మాత్రం బేరం కూడా ఆడకుండా మచ్చల వాచీ తీసి జేబులో వేసుకుంటారు. ఎందుకంటే అది ఫ్యాక్టరీలో పుట్టినప్పటి మొహంతోనే ముసలిదైంది. రెండోదాని మొహాన్ని మధ్యలో ఎవరో గీకేసి, రంగు కొట్టి, మళ్లీ అచ్చు వేశారు. వాచీల బజారులో దీన్నే రీడయల్ అంటారు.

ఇందులో తప్పేముంది? గోడకు సున్నం వేయించుకోమా, పాత గిన్నెకు కళాయి పెట్టించుకోమా అంటారా? నిజమే. మీ వాచీకి మీరు తెలిసి వేయించుకుంటే ఎవరూ కాదనరు. చిక్కల్లా రెండు చోట్ల వస్తుంది. కళాయి పెట్టిన గిన్నెను ‘ముట్టుకోని పాతది’ అని చెప్పి మీకు అమ్మినప్పుడు. ఇంకోటి, బీరువాలో ఉన్న తాతగారి వాచీని ‘కొంచెం శుభ్రం చేసివ్వండి’ అని షాపులో ఇస్తే, వాళ్లు మంచి మనసుతోనే దాని మొహం మార్చి చేతిలో పెట్టినప్పుడు. మొదటిదానిలో పోయేది డబ్బు. రెండోదానిలో పోయింది మళ్లీ రాదు.

వాచీలో మిగతావన్నీ మారుతూనే ఉంటాయి. అద్దానికి గీతలు పడితే కొత్తది వేస్తారు. పట్టీ సంగతి చెప్పక్కర్లేదు. లోపల స్ప్రింగు తెగితే ఇంకో స్ప్రింగు, పన్ను విరిగితే ఇంకో చక్రం. అవేవీ మనకు కనపడవు. వాచీని చూడటమంటే డయల్‌ని చూడటమే. అందుకే పాత వాచీ ధరలో పెద్ద వాటా దానిదే.

ఎంత పెద్ద వాటా అంటే... రోలెక్స్ కంపెనీ డేటోనా అనే వాచీని అప్పట్లో రెండు రకాల డయళ్లతో అమ్మింది. లోపలి యంత్రం ఒకటే, పైన ఉక్కు డబ్బా ఒకటే. ఒక రకం డయల్ మాత్రం కాస్త వింతగా ఉండేది. చిన్న చిన్న చతురస్రాలు, వేరే తరహా అంకెలు. ఆ రోజుల్లో దాన్ని ఇష్టపడినవాళ్లు తక్కువ. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కు భార్య అలాంటిదే ఒకటి కానుకగా ఇచ్చింది. తర్వాత్తర్వాత ఆ డయల్‌కే ఆయన పేరు స్థిరపడిపోయింది. ఆయన సొంత వాచీ 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో వేలానికి వచ్చి, కోటీ 77 లక్షల డాలర్లు దాటింది. అప్పటి లెక్కలో దాదాపు 115 కోట్ల రూపాయలు. అంత ధర ఆయన చేతికి ఉన్నందుకే అనుకోండి. కానీ మామూలు మనుషులు పెట్టుకున్న అదే రకం డయల్ వాచీలు కూడా మామూలు డయల్ డేటోనా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతాయి. తేడా అంతా ఆ పలుచని రేకుదే.

రేకు అన్నది మాట వరసకు కాదు. డయల్ నిజంగానే గుండ్రంగా కోసిన ఇత్తడి రేకు. దాని వెనక అగ్గిపుల్ల కంటే సన్నని రెండు కాళ్లుంటాయి. అవి యంత్రంలోని రంధ్రాల్లో దిగి డయల్‌ని కదలకుండా పట్టుకుంటాయి. ముందువైపు నునుపు చేస్తారు. వెండి రంగు డయలైతే మధ్య నుంచి అంచుకు కంటికి ఆనని సన్నగీతలు దువ్వుతారు. దానివల్లే వాచీని అటూ ఇటూ తిప్పితే వెలుగు రేకులుగా విచ్చుకుని డయల్ మీద తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆ పైన వెండి పూతో, రంగో, దాన్ని కాపాడటానికి వార్నిష్ లాంటి పలుచని పొరో వేస్తారు. అంకెల చోట నిలబడే బంగారు రంగు కడ్డీలు ఉంటే వాటిని విడిగా అమరుస్తారు.

అసలు సంగతి అక్షరాల్లో ఉంది. కంపెనీ పేరు, నిమిషాల గీతలు చేత్తో రాసేవి కావు. ఉక్కు పలక మీద ఆ అక్షరాలను వెంట్రుకవాసి లోతున చెక్కుతారు. పలక మీద సిరా పూసి పైది తుడిచేస్తే, చెక్కిన లోతుల్లో మాత్రం సిరా మిగులుతుంది. మెత్తని గడ్డలాంటి దిమ్మను దాని మీద నొక్కితే సిరా దిమ్మకు అంటుకుంటుంది. ఆ దిమ్మను డయల్ మీద నొక్కితే అక్షరం అక్కడికి దిగుతుంది. రబ్బరు స్టాంపుకు దగ్గరి చుట్టమే గానీ, పనితనంలో పోలికే లేదు. ఇలా దిగిన అక్షరం భూతద్దంలో కొద్దిగా ఉబ్బెత్తుగా, అంచులు బ్లేడుతో కోసినట్టు కనిపిస్తుంది. ఆ ఉక్కు పలకలు కంపెనీ దగ్గరో, దానికి డయళ్లు చేసిపెట్టే కార్ఖానా దగ్గరో ఉంటాయి. వీధి చివర వాచీ దుకాణంలో ఉండవు. మళ్లీ అచ్చు వేసేవాళ్లు పాతదాన్ని చూసి తమ పలక తామే చేసుకోవాలి. దొంగ దొరికేది అక్కడే.

అయితే మన దగ్గర ఈ పని ఎప్పుడూ దొంగతనంగా మొదలవలేదు. ఒకప్పుడు వాచీ కొనడమంటే ఇంట్లో పండగే. పెళ్లిలో అల్లుడికి పెట్టుబడుల్లో సైకిలు, రేడియోలతో పాటు వాచీ ఉండి తీరాల్సిందే. దాన్ని పాతికేళ్లు కట్టుకునేవారు. చెమటకు, వానకు, కోస్తా ఊళ్ల ఉప్పుగాలికి లోపలికి తేమ చేరి డయల్ నల్లబడేది. ఫేవర్‌లూబా, వెస్ట్ ఎండ్, రోమర్, కామీ లాంటి స్విస్ వాచీలు మన దేశంలో బాగానే తిరిగాయి. స్వాతంత్ర్యం తర్వాత విదేశీ సరుకు దిగుమతి మీద ఆంక్షలు బిగిశాక వాటికి కొత్త డయల్ తెప్పించడం మామూలు మనిషికి అయ్యే పని కాదు. మరేం చేస్తారు? ఉన్నదాన్నే గీకి, రంగు వేయించి, పేరు మళ్లీ అచ్చు వేయించుకునేవారు. ఈ పనిలో చెయ్యి తిరిగినవాళ్లు తయారయ్యారు. అది మరమ్మతే, మోసం కాదు.

చేతికి సెల్‌ఫోన్ వచ్చి, కీ ఇచ్చే వాచీలు కిలోల లెక్కన పాత సామాన్లలోకి చేరాక కథ మారింది. ఆ గుట్టల్లోంచి నాలుగు వాచీల భాగాలు ఏరి ఒక వాచీ చేయడం, దానికి ఎర్రదో పచ్చదో కొత్త డయల్ కొట్టడం, ఇంటర్నెట్‌లో విదేశాల వాళ్లకు అమ్మడం ఒక వ్యాపారమైంది. విదేశీ సేకర్తలు వీటికి ‘బాంబే స్పెషల్’ అని ఎగతాళి పేరు పెట్టారు. బొంబాయి ముంబయి అయ్యాక అది ‘ముంబయి స్పెషల్’ కూడా అయింది. మన పేరు ఇలా పాకడం నాకైతే బాధగానే ఉంటుంది. ఆ పనివాళ్ల చేతిలో విద్య లేక కాదు. అమ్మేవాడు ‘డయల్ మళ్లీ వేసింది’ అన్న ఒక్క ముక్క రాయకపోవడం వల్ల.

సరే, పట్టుకోవడం ఎలా? పెద్ద సరంజామా అక్కర్లేదు. వాచీ రిపేరు చేసేవాళ్లు కంటికి పెట్టుకునే అద్దం లాంటిది, పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి చాలు. కిటికీ దగ్గర పగటి వెలుగు ఉండాలి. తొందర ఉండకూడదు.

ముందు పేరు చూడండి. ఒకే పదంలో ఒక అక్షరం లావుగా, పక్కది సన్నగా ఉందా? అక్షరాల మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉందా? సిరా అంచుల్లోంచి దోసెపిండిలా కాస్త పారిందా? ఎస్ అక్షరం పొట్టలు రెండూ సమంగా ఉన్నాయా? రోజుకు వేల డయళ్లు దించే ఫ్యాక్టరీ ఒకే పలకతో పనిచేస్తుంది కాబట్టి అక్కడ వంకర వస్తే అన్నింటికీ రావాలి. అందుకే అదే మోడల్ వాచీ ఇంకోటి, అసలైనదని నమ్మకమున్నది, లేదంటే అప్పటి ప్రకటనలోని ఫొటో పక్కన పెట్టుకుని చూస్తే సగం పని అయిపోతుంది. చేతిరాత పోల్చినట్టే.

తర్వాత నిమిషాల గీతలు. చుట్టూ అరవై ఉంటాయి. పన్నెండు దగ్గర గీత సరిగ్గా కడ్డీ మధ్యకు వస్తోందా, పక్కకు జరిగిందా? కొన్ని గీతలు అంచు దాటి, కొన్ని అంచుకు చేరకుండా ఆగిపోయాయా? ఫ్యాక్టరీలో కడ్డీలకూ గీతలకూ లెక్క ముందే కుదిరి ఉంటుంది. మళ్లీ వేసేటప్పుడు కడ్డీలు పాతవి, గీతలు కొత్తవి. ఆ రెండింటికీ పొత్తు కుదరడం కష్టం.

ఆరు అంకె కింద, అద్దం అంచుకు దగ్గరగా, చీమ తలంత అక్షరాలు ఉంటాయి. స్విస్ వాచీల్లో ‘స్విస్ మేడ్’ అనో, ఉత్త ‘స్విస్’ అనో. మళ్లీ అచ్చు వేసేవాళ్లు చాలాసార్లు దీన్ని మర్చిపోతారు. గుర్తున్నా మరీ పైకి వేస్తారు, లేదా సగం డబ్బా అంచు కిందికి పోతుంది. డయల్ మీద అందరి కళ్లూ పడేది పైనున్న పెద్ద పేరు మీద. నిజం మాత్రం కింద దాక్కుని ఉంటుంది.

నల్ల డయళ్లలో ఒక తమాషా ఉంది. 1950లు, 60లలో వచ్చిన కొన్ని మంచి నల్ల డయళ్ల మీద అక్షరాలు బంగారు రంగులో మెరుస్తాయి. అది బంగారు సిరా కాదు. ఇత్తడి రేకు మీద అక్షరాలున్నంత మేర నలుపు పట్టకుండా చేసి, మిగతాదంతా నల్లగా చేస్తారు. అంటే మనం చూసే అక్షరం కింద ఉన్న ఇత్తడే. భూతద్దంలో అక్షరం నలుపు కంటే ఒక మెట్టు దిగువన ఉంటుంది. మళ్లీ వేసినవాళ్లు ముందు అంతా నలుపు కొట్టి, పైన పసుపు సిరాతో పేరు అచ్చు వేస్తారు. అప్పుడు అక్షరం నలుపు కంటే పైకి ఉంటుంది. మెట్టు దిగాలా, ఎక్కాలా అన్నదొక్కటే చూసుకుంటే తీర్పు వచ్చేసినట్టే.

ఇక అక్షరాల చుట్టూ ఉన్న నేల. వెండి డయల్‌కి ఇందాక చెప్పిన వెలుగు రేకులు ఉండాలి. రీడయల్‌లో పాత రంగు గీకేటప్పుడు ఆ సన్నగీతలు కూడా పోతాయి. పైన స్ప్రే కొట్టిన రంగు స్కూటర్ ట్యాంకు మీది రంగులా ఒకటే మందంగా కనిపిస్తుంది. సెకన్ల ముల్లుకు విడిగా చిన్న గుంట ఉన్న వాచీలైతే ఆ గుంట అంచు చూడండి. ఫ్యాక్టరీది పదునుగా ఉంటుంది. గీకి మెరుగు పెట్టింది అరిగిన మెట్టులా గుండ్రబడుతుంది. తేదీ కిటికీ అంచుల్లో, ముళ్లు దిగే మధ్య రంధ్రం చుట్టూ రంగు గడ్డకట్టి ఉంటే అది స్ప్రే సాక్ష్యమే. కడ్డీల మొదళ్లకు రంగు అంటుకుని ఉన్నా అంతే. కడ్డీలు తీయకుండా చుట్టూ రంగు కొట్టారన్న మాట.

డయల్ అంచున, మూడు దగ్గరో ఆరు దగ్గరో ఆకురాయితో తీసినట్టు చిన్న గాటు కనిపిస్తే అనుమానించమంటారు అనుభవజ్ఞులు. అచ్చు వేసేటప్పుడు డయల్ ఎటు తిరిగి ఉండాలో గుర్తు కోసం పనివాళ్లు పెట్టుకునే గాటు అది. అయితే అలాంటి గాట్లతోనే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డయళ్లు కూడా కొన్ని ఉన్నాయి. గాటు చూసి కేసు పెట్టొచ్చు గానీ శిక్ష వేయకూడదు.

డయల్ విప్పించే వీలుంటే వెనక వైపు చూడాలి. పెద్ద కంపెనీలకు డయళ్లు చేసిన సింగర్, స్టెర్న్ లాంటి స్విస్ కార్ఖానాల ముద్రలు అక్కడ ఉండొచ్చు. అన్నట్టు, డయళ్లు చేసిన ఆ స్టెర్న్ కుటుంబమే 1932లో పటేక్ ఫిలిప్ వాచీ కంపెనీని కొనేసింది. పాల్ న్యూమన్ డయల్ చేసింది సింగర్. రీడయల్ వెనకైతే సూదితో గీసిన నంబర్లు, గీకుడు మరకలు, రంగు తుంపరలు కనిపిస్తాయి. కాళ్లు రెండూ కోసేసి, డయల్‌ని జిగురుతో అంటించి ఉంటే ఆ డయల్ పుట్టింది ఆ వాచీకి కాదు. వేరే యంత్రం మీద నుంచి వలస వచ్చింది.

మొహం ఒక్కటే కాదు, ముళ్లతో దానికి జోడీ కుదిరిందో లేదో కూడా చూడాలి. తేమ తగిలితే రెంటికీ తగులుతుంది. ముళ్లు తుప్పు పట్టి, డయల్ మాత్రం పెళ్లికూతురిలా ఉంటే ఒకటి మధ్యలో వచ్చిందే.

ముళ్ల దగ్గరికి వచ్చాం కాబట్టి రేడియం గురించి చెప్పకుండా ముందుకు పోలేం. చీకట్లో కనిపించే ప్రతిదాన్నీ మనం ఇప్పటికీ ‘రేడియం’ అనే అంటాం. బండి నంబరు ప్లేటు మీది రేడియం స్టిక్కర్లు, పిల్లల గది పైకప్పు మీది రేడియం చుక్కలు. వాటిలో దేనిలోనూ చుక్క రేడియం లేదు. ఆ పేరు మనకు మిగిలింది మాత్రం పాత వాచీల నుంచే అనుకోవచ్చు. ఎందుకంటే ఒకప్పుడు వాచీల్లో ఉన్నది నిజంగా రేడియమే. క్యూరీ దంపతులు 1898లో కనిపెట్టిన ఆ లోహాన్ని జింక్ సల్ఫైడ్ పొడిలో రవ్వంత కలిపి అంకెల మీద, ముళ్ల మీద పూసేవారు. రేడియం నుంచి వచ్చే కిరణాలు తగిలి పొడి రాత్రంతా పచ్చగా వెలిగేది. అమెరికాలో న్యూజెర్సీ లాంటి చోట్ల ఈ పూత పనికి ఆడపిల్లలను పెట్టారు. కుంచె మొన సన్నబడాలని దాన్ని పెదాల మధ్య పెట్టి తిప్పమని నేర్పారు. దవడ ఎముకలు కుళ్లి, రక్తం విరిగి ఎందరో చనిపోయారు. బతికున్నవాళ్లలో అయిదుగురు కంపెనీ మీద వేసిన కేసు 1928లో రాజీతో ముగిసింది. 1960లు గడిచేసరికి వాచీల్లో రేడియం వాడకం దాదాపు పోయి, దానికంటే మెతకైన ట్రిటియం వచ్చింది. 1990లలో అదీ పోయి, వెలుతురు తాగి చీకట్లో వదిలే కొత్త పొడులు వచ్చాయి. వాటిలో రేడియోధార్మికత లేదు.

డయల్ వయసు చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్షి లేదు. రేడియం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. కాబట్టి అప్పటి రేడియం ఇంకా అలాగే ఉంది. కానీ రాత్రింబవళ్లు దాని దెబ్బలు తిని జింక్ సల్ఫైడ్ ఎప్పుడో చచ్చిపోయింది. అందుకే 1950ల నాటి డయల్ ఇప్పుడు చీకట్లో వెలగదు. ట్రిటియం అయితే పన్నెండేళ్లకు పైచిలుకు కాలంలో సగమైపోతుంది, మళ్లీ అంతే కాలానికి ఆ సగంలో సగం. 1970 నాటి ట్రిటియం ఇప్పటికి ఆరినట్టే. పరీక్ష తేలిక. టార్చి వెలుగు అర నిమిషం పట్టి దీపాలార్పేయండి. ‘1955 నాటిది, ముట్టుకోలేదు’ అని అమ్ముతున్న వాచీ చీకట్లో గంటసేపు పచ్చగా వెలిగిందంటే కనీసం ఆ పూత ఈ మధ్యదే. అంకెల మీద పూత తేనె రంగుకు తిరిగి, ముళ్ల మీద మాత్రం తెల్లగా ఉన్నా అనుమానమే.

ట్రిటియం వాడిన స్విస్ డయళ్లలో ఆరు కింద ‘స్విస్’ మాటకు అటూ ఇటూ టి అక్షరం వేసేవారు. ఆ టి ఉండి, వెలిగే పూత జాడే లేని డయల్ కనిపిస్తే అచ్చు వేసినవాడికి ఆ అక్షరం ఎందుకుందో తెలియదన్న మాట. ఒక్క జాగ్రత్త. పాత రేడియం డయల్‌ని ఇంట్లో విప్పడం, ఆ పొడిని గోరుతో గీకడం, ఊదడం వద్దు. మూత వేసి ఉన్న వాచీతో పెద్ద భయం లేదు. ఒంట్లోకి పోయే పొడితోనే అసలు ప్రమాదం.

ఇన్ని గుర్తులు చెప్పుకున్నాక అన్నీ తెలిసిపోయాయనిపిస్తుంది. అక్కడే ఆగాలి. 2021 నవంబరులో జెనీవాలో ఒక వేలం జరిగింది. 1957 నాటి ఒమెగా స్పీడ్‌మాస్టర్. దాని నల్ల డయల్ ఏళ్ల తరబడి ఎండకు కాఫీపొడి రంగుకు మారిందన్నది దాని ఘనత. సేకర్తలు ఇలాంటి గోధుమ రంగు డయల్ అంటే పడి చస్తారు. 31 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది, అంటే దాదాపు 25 కోట్ల రూపాయలు. ప్రపంచంలో పేరున్న వేలం సంస్థ, కేటలాగు, నిపుణులు అందరూ ఉన్నారు. కొన్నది ఎవరో కాదు, తమ మ్యూజియం కోసం ఒమెగా కంపెనీయే! 2023 జూన్‌లో అదే కంపెనీ బయటికొచ్చి, ఆ వాచీ ఒకే వాచీగా పుట్టింది కాదనీ, వేర్వేరు వాచీల భాగాలు కూర్చి తయారు చేసిందనీ చెప్పింది. అందులో తమ మాజీ ఉద్యోగుల పాత్ర ఉందని ఆరోపించింది. తయారుచేసిన ఇంటివాళ్లే తమ బిడ్డను పోల్చుకోలేకపోయారు. మన భూతద్దం ఎంత?

అందుకే ఒక్క గుర్తు చూసి తేల్చేయకూడదు. హెచ్‌ఎంటీ సంగతే చూడండి. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ, ఒక్క జనతా పేరుతోనే లెక్కలేనన్ని డయళ్లు వదిలింది. ఇంగ్లిషు అంకెలతో, ఉత్త గీతలతో, హిందీ అంకెలతో కూడా. హిందీ అంకెల జనతాకు గిరాకీ ఉందని తెలిశాక దాని రీడయళ్లూ దిగాయి. ‘హిందీ అంకెలుంటే నకిలీ’ అనడానికి లేదు, ‘అసలైనది’ అనడానికీ లేదు. నల్ల డయల్ పైలట్‌కి కూడా ఇదే తిప్పలు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచీల సంస్థ మూసివేతకు ఆమోదం తెలిపింది. అంతకు ముందే మూసేస్తారన్న వార్తలకు జనం షోరూముల ముందు బారులు తీరారు. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత కూడా హెచ్‌ఎంటీ పేరుతో వాచీలు అమ్మకానికి వస్తూనే ఉన్నాయి. అవి రంగురంగుల డయళ్లతో ఉంటాయి. రంగు డయలంటే చాలు రీడయలే అని కొట్టిపారేసేవాళ్లకు ఇదో చిక్కు. రంగు కాదు, అచ్చు చూడాలి. హెచ్‌ఎంటీలో ‘పారా షాక్’ అన్న చిన్న అక్షరాలు ఉన్న డయలైతే నేను ముందు అక్కడికే వెళ్తాను. మళ్లీ వేసినవాళ్ల చెయ్యి పెద్ద పేరు దగ్గర కుదురుగానే ఉంటుంది, చిన్న అక్షరాల దగ్గరే వణుకుతుంది.

మన హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980లలో జపాన్ సీకో సాంకేతిక సహకారంతో వాచీలు చేసింది. అవి ఇంకా మన ఇళ్లలో అక్కడక్కడా ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో పోయింది. అంటే ఆల్విన్ డయల్ పాడైతే ఆ కంపెనీ నుంచి ఇంకోటి రాదు. ఇంట్లో ఉంటే దాన్ని సాన పట్టించకండి.

అసలు ఎక్కువ డయళ్లు పోయేది మోసగాళ్ల చేతుల్లో కాదు, మన చేతుల్లోనే. అద్దం ఊడిందని తడి దూదితో మచ్చ తుడవబోతాం. పాత వార్నిష్ పొర అప్పటికే పొడిబారి ఉంటుంది. దూదితో పాటు ‘టి’ అక్షరమో, నిమిషాల గీతలో లేచి వస్తాయి. అక్కడితో ఇక రీడయల్ తప్ప దారి ఉండదు. మచ్చ ఉన్న డయల్ అసలైనదే. తుడిచిన డయల్ అసలూ కాదు, కొత్తదీ కాదు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పాలి. ‘ఆయిలింగ్ చేయండి, అద్దం మార్చండి. డయల్, ముళ్లు ముట్టుకోవద్దు’ అని. చెప్పడం మొహమాటమైతే బిల్లు మీదే రాయించుకోండి. ఇచ్చే ముందు డయల్ దగ్గరగా వచ్చేలా సెల్‌ఫోన్‌తో రెండు ఫొటోలు తీసి పెట్టుకోండి. షాపుల్లో ఎక్కువమందికి ‘కొత్తగా చేయడమే’ మంచి పని. వాళ్ల తప్పు కాదు. ఇన్నాళ్లూ గిరాకీలు అడిగింది అదే.

మరి కొనేటప్పుడో? అద్దం లేకుండా తీసిన డయల్ ఫొటో అడగండి. యంత్రం ఫొటో అడగండి. ‘డయల్ మళ్లీ వేసిందా?’ అని సూటిగా అడిగి జవాబు రాతలో తీసుకోండి. తెలిసిన అమ్మకందారుకు ఈ ప్రశ్నకు కోపం రాదు. రీడయల్ అని తెలిసీ నచ్చి కొనుక్కోవచ్చు కూడా. ధర మాత్రం దానికి తగ్గట్టే ఉండాలి. డయల్ పూర్తిగా తినేసి, పేరు కూడా కనపడని స్థితిలో ఉన్న వాచీకి మళ్లీ వేయించుకోవడంలో నాకైతే ఏ తప్పూ కనపడదు. పెట్టుకోవడానికే కదా వాచీ! పాత డయల్ ఇంకో చోట దొరికితే మాత్రం రంగు వేయించిన దాన్ని పారేయకుండా కాగితంలో చుట్టి ఉంచండి.

ఇప్పటికే మీ ఇంటి వాచీకి ఎవరో కొత్త మొహం పెట్టేసి ఉంటే దిగులుపడొద్దు. తర్వాతసారి షాపుకు వెళ్లినప్పుడు వెనక మూత తీయించి, మూత లోపలి వైపు భూతద్దంతో చూపించమని అడగండి. వాచీ విప్పిన ప్రతిసారీ అక్కడ సూదిమొనతో తేదీయో, తమ గుర్తో గీసిపెట్టుకోవడం పాత పనివాళ్లలో చాలామందికి అలవాటు. ఒకటి కింద ఒకటి, వేర్వేరు చేతిరాతల్లో ఉంటాయి. తాతగారు ఏ ఏడు, ఎన్నిసార్లు దాన్ని బాగుచేయించుకున్నారో అక్కడ దొరకొచ్చు. ఆ వైపు ఎవరూ రంగు వేయరు.